‘ఇంకొక్కసారి’ అనే భర్తకు ఎంత గడువు ఇవ్వాలి?

ప్రశ్న: మాది కరీంనగర్ దగ్గర ఒక ఊరు. పెళ్లయి ఏడేళ్లయింది, ఐదేళ్ల పాప ఉంది. మా వారు గ్రూప్-1, గ్రూప్-2 పరీక్షల కోసం హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది తీసుకుని చదువుతున్నారు. రెండుసార్లు కొద్ది మార్కుల తేడాతో ఉద్యోగం చేజారింది. నేను బీఈడీ చేసి ప్రైవేటు పాఠశాలలో పనిచేస్తున్నాను, నా జీతంతోనే ఇల్లు గడుస్తోంది. పోయినేడు నా బంగారం కూడా బ్యాంకులో పెట్టాం. ఇక చాలంటే ఆయన కోల్‌కతా టెస్టులో లక్ష్మణ్ ఆట గురించి చెబుతారు, ఓడిపోయే మ్యాచ్‌లు చివర్లో గెలిచిన వీడియోలు పంపుతారు. అత్తమ్మ కూడా ‘ఇంకొక్కసారి రాయనీ’ అంటున్నారు. ఆయన ఆశను నేనే చంపేస్తున్నానా?

జవాబు: లేదు, మీరు ఎవరి ఆశనూ చంపడం లేదు. ఇన్నేళ్లుగా జీతం, బంగారం, ఓపిక అన్నీ పెట్టిన మనిషికి ఇంకా ఎంతకాలం అని అడిగే హక్కు ఉంటుంది. అలాగని మీ వారు చూపుతున్న ఉదాహరణను తేలిగ్గా తీసేయకండి. దాన్ని పట్టుకునే ఆయన ఇన్ని రోజులు నిలబడ్డారు కాబట్టి, దాన్ని కొట్టిపారేస్తే ఆ తర్వాత మీరు ఏం చెప్పినా ఆయన చెవికెక్కదు. అందువల్ల ఆ మ్యాచ్ గురించే ఆయనతో మాట్లాడండి.

2001 మార్చిలో ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియా చేసిన 445 పరుగులకు బదులుగా భారత్ 171 పరుగులకే ఆలౌటై ఫాలో ఆన్, అంటే బాగా వెనుకబడిన జట్టు వెంటనే మళ్లీ బ్యాటింగ్‌కు దిగడం, ఆడవలసి వచ్చింది. అప్పటికి ఆస్ట్రేలియా వరుసగా 16 టెస్టులు గెలిచి ఉంది. మూడో రోజు ఆట ముగిసేసరికి రెండో ఇన్నింగ్స్‌లో మన స్కోరు నాలుగు వికెట్లకు 254, అంటే ఆస్ట్రేలియా కంటే ఇంకా 20 పరుగులు వెనుకబడే ఉన్నాం. నాలుగో రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా లక్ష్మణ్, ద్రావిడ్ ఒక్క వికెట్టూ ఇవ్వకుండా 335 పరుగులు చేశారు. చివరికి లక్ష్మణ్ 281, ద్రావిడ్ 180 పరుగుల వద్ద ఔటయ్యారు, ఇద్దరి భాగస్వామ్యం 376 పరుగులు. ఐదో రోజు టీ విరామం తర్వాత ఆస్ట్రేలియా వికెట్లు వరుసగా పడిపోవడంతో భారత్ 171 పరుగుల తేడాతో గెలిచింది. మీ వారు పంపే వీడియోల్లో కనిపించేది ఆ చివరి ఘట్టమే గానీ, అంతకు ముందు రోజంతా ఎండలో నిలబడి వదిలేసిన బంతులు, అడ్డుకున్న బంతులు వాటిలో ఉండవు.

ఆ మ్యాచ్‌లో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది బ్యాటింగ్ క్రమంలో చేసిన మార్పు. మొదటి ఇన్నింగ్స్‌లో ఆరో స్థానంలో వచ్చిన లక్ష్మణ్ 59 పరుగులతో జట్టులో అందరికంటే ఎక్కువ చేశాడు కాబట్టి రెండో ఇన్నింగ్స్‌లో అతణ్ని మూడో స్థానంలో పంపారు. మామూలుగా ఆ స్థానంలో ఆడే ద్రావిడ్, అప్పుడు పరుగులు రాక ఇబ్బంది పడుతున్నవాడు, ఆరో స్థానానికి దిగాడు. దిగి 180 కొట్టాడు. మొదటిసారి బెడిసికొట్టిన పద్ధతినే రెండోసారీ పట్టుకుని వేలాడి ఉంటే ఈ కథ మనం చెప్పుకునేవాళ్లమే కాదేమో. మీ వారు ఇన్నాళ్లూ లక్ష్మణ్‌నే చూస్తున్నారు. ఒకసారి ద్రావిడ్ వైపు కూడా చూడమని అడగండి. ఉద్యోగమంటే గ్రూప్-1 లేదా గ్రూప్-2 మాత్రమే అని కూర్చోకుండా, గ్రూప్-4లోనో మరో నియామకంలోనో చేరి, జీతం తీసుకుంటూనే పై పరీక్షలు రాసేవారు మన రాష్ట్రంలో ఎందరో ఉన్నారు. అలా చేరడం ఆయనకు పరువు తక్కువగా అనిపిస్తుంటే, అసలు ఇబ్బంది సిలబస్‌లో లేదని మీకు అర్థమవుతుంది.

రెండో మాట కొంచెం కటువుగా ఉంటుంది. టెస్టు క్రికెట్ చరిత్రలో ఫాలో ఆన్ ఆడి గెలవడం అంతకు ముందు రెండు సార్లు మాత్రమే, 1894లోనూ 1981లోనూ జరిగింది. అంత అరుదు కాబట్టే ఈ మ్యాచ్ అందరికీ గుర్తుండిపోయింది. దీనికి రెండేళ్ల ముందు, 1999 జనవరిలో చెన్నైలో పాకిస్తాన్‌పై 271 పరుగుల లక్ష్యాన్ని వెంటాడుతూ సచిన్ వెన్నునొప్పితో మెలికలు తిరుగుతూనే 136 పరుగులు చేశాడు. ఇంకో 17 పరుగులు చేస్తే గెలుపు అనగా అతను ఔటయ్యాడు, మిగిలిన మూడు వికెట్లూ నాలుగు పరుగుల్లోనే పోయాయి, 12 పరుగుల తేడాతో ఓడిపోయాం. ఆ ఇన్నింగ్స్‌లో పట్టుదలకు లోటేమిటి? పట్టుదల ఉంటే గెలుపు ఖాయమని కోచింగ్ సెంటర్ గోడల మీద రాసుకోవడం తేలికే గానీ, దాన్ని నమ్మిన కుర్రవాడు తప్పినప్పుడల్లా తనకు పట్టుదల లేదనుకుని కుమిలిపోతాడు. మీ వారు బయటికి వీడియోలు పంపుతూ లోపల ఆ బాధే పడుతూ ఉండవచ్చు.

న్యాయంగా ఒక లెక్క సరిచేయాలి. 2022 అక్టోబరులో జరిగిన గ్రూప్-1 ప్రిలిమ్స్ ప్రశ్నపత్రం లీకు కారణంగా రద్దయింది, 2023 జూన్‌లో తిరిగి పెట్టిన పరీక్షను హైకోర్టు రద్దు చేసింది. ఆ కాలమంతా చేజారింది ఆయన తప్పిదం వల్ల కాదు, దాన్ని వైఫల్యాల జాబితాలో కలపకండి. ఈ మాట మీ నోటి నుంచి వస్తే ఆయన మిగతా మాటలు కూడా వింటారని నా నమ్మకం.

ఇక చేయవలసినది. ఈసారి ఆయన ఇంటికి వచ్చినప్పుడు, అత్తమ్మను ఆ తర్వాత కలుపుకోవచ్చు, ముందు మీరిద్దరే కూర్చుని గత రెండు పరీక్షల మార్కులు పక్కపక్కన పెట్టుకోండి. ఏ పేపర్‌లో మార్కులు పోతున్నాయో, మొదటిసారికీ రెండోసారికీ చదివే పద్ధతిలో ఏం మారిందో ఆయననే చెప్పనివ్వండి. అవే నోట్సు, అదే గది, అదే స్టడీ హాల్ అయితే వచ్చే ప్రయత్నం కూడా పాత ప్రయత్నమే అవుతుంది. ఆ తర్వాత గడువు పెట్టుకోండి. టెస్టు మ్యాచ్‌కు ఐదు రోజులే ఉంటాయని ఇద్దరు బ్యాటర్లకూ తెలుసు, ఆ ఎరుక వల్ల వాళ్ల ఏకాగ్రత పెరిగిందే తప్ప తగ్గలేదు. మన నోటిఫికేషన్లు ఎప్పుడు వస్తాయో చెప్పలేం కాబట్టి కేవలం పరీక్షకు ముడిపెట్టకుండా ‘ఇంకొక్క నోటిఫికేషన్, లేదా మనం అనుకున్న ఫలానా నెల, ఏది ముందొస్తే అది’ అని ఇద్దరూ కలిసి కాగితం మీద రాసుకోండి. ఈలోపు ఆయన ఏదో ఒక సంపాదన చూసుకోవాలి, పోటీ పరీక్షలకు ఇంతకాలం చదివిన మనిషికి కనీసం పాఠాలు చెప్పే పని దొరకకపోదు. బంగారం మీద మాత్రం ఇక అప్పు తేవద్దు, ఈ ఒక్క విషయంలో మెత్తబడకండి.

ఆయన నిద్రపోకపోవడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం, ‘నేను లేకపోతే మీకే హాయి’ వంటి మాటలు అనడం గమనిస్తే ఈ గడువులూ లెక్కలూ పక్కన పెట్టి, ఆయనను ఒంటరిగా వదలకుండా మానసిక వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లండి. టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

మీ ఉత్తరంలో ఒక విషయం ఒక్క ముక్కలో దాటేశారు. బీఈడీ చేశారు గానీ డీఎస్సీ మాట ఎక్కడా ఎత్తలేదు. ఒక ఇంట్లో ఇద్దరు చదువుకున్నవారు ఉండి, ప్రభుత్వ ఉద్యోగానికి ఒక్కరే ఎందుకు పోటీ పడాలి? టెట్ రాయకపోయి ఉంటే వచ్చేదానికి దరఖాస్తు చేయండి. మీరు చదువుకునే గంటల్లో పాపను ఎవరు చూసుకుంటారో ఆయనతోనూ అత్తమ్మతోనూ ఇప్పుడే మాట్లాడి, ఆ సమయాన్ని కూడా పైన చెప్పిన కాగితం మీదే రాయించండి.