తుప్పు పట్టిన బ్రేక్ డిస్క్‌లతో ఫిట్‌నెస్ టెస్ట్ పాసవుతుందా?

కారు నాలుగు నెలలుగా పెద్దగా కదల్లేదు, వెనక బ్రేక్ డిస్క్‌లు (చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లేలు) ఎర్రగా తుప్పు పట్టాయి, అంచున గట్టులా చేతికి తగులుతోంది, వచ్చే నెలే ఫిట్‌నెస్ టెస్ట్, డిస్క్‌లు మార్చాలా లేక వాటిని నొక్కి పట్టే ప్యాడ్‌లు మారిస్తే సరిపోతుందా అని అడిగారు. దాదాపు ఇదే పరిస్థితిలో నేను టెస్ట్‌కి వెళ్లి ఫెయిలై వచ్చాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు టెన్షన్ తగ్గించే మాట. డిస్క్‌లు పోత ఇనుముతో చేస్తారు, తడి తగిలితే రాత్రికి రాత్రే ఎర్రబడతాయి. వానలో నిలిపినా, కడిగి అలాగే వదిలేసినా తెల్లారేసరికి పలచటి నారింజ రంగు పొర కనిపిస్తుంది. నాలుగైదు సార్లు బ్రేక్ వేస్తే ప్యాడ్‌లే దాన్ని తుడిచేస్తాయి. ఆ పొర గురించి భయం అక్కర్లేదు. మధ్యలో టోపీలా ఉబ్బెత్తుగా ఉండే భాగానికి, బయటి అంచుకి ప్యాడ్ తగలదు కాబట్టి అక్కడ తుప్పు ఉండటం కూడా మామూలే. చూడాల్సింది ప్యాడ్ రాసుకునే పట్టీని. కొంత దూరం నడిపిన తర్వాత కూడా ఆ పట్టీ మీద తుప్పు మిగిలిందంటే అక్కడ ప్యాడ్ సరిగా ఆనడం లేదు. గుంటలు కూడా పడి ఉంటే ఇక నడిపినంత మాత్రాన అది పోదు.

నా విషయంలో నేను చూసింది బయటి ముఖం మాత్రమే. అలాయ్ వీల్ సందుల్లోంచి చూస్తే డిస్క్ తళతళా మెరుస్తోంది. ఇంకేం, బాగానే ఉందనుకుని వెళ్లాను. అక్కడ వెనక చక్రాల్ని బ్రేకు బలం కొలిచే రోలర్ల మీదకి ఎక్కించి బ్రేక్ తొక్కమన్నారు. ఎడమ చక్రం పట్టిన బలం కుడి చక్రంలో సగానికి కాస్త పైన వచ్చి ఆగిపోయింది. ఎంత తేడా ఒప్పుకుంటారన్నది ఆయా దేశాల నిబంధనల్ని బట్టి ఉంటుంది. ఉదాహరణకి యూరోపియన్ యూనియన్ 2014లో తెచ్చిన నిబంధనల్లో, ఒకే యాక్సిల్ (ఎడమ, కుడి చక్రాల జత ఉండే ఇరుసు) మీద ఒక చక్రం బలం రెండోదానిలో 70 శాతం కంటే తక్కువైతే అది పెద్ద లోపం కిందే లెక్క. కారణం సులువుగానే అర్థమవుతుంది. గట్టిగా బ్రేక్ వేసినప్పుడు ఒక చక్రం పట్టి, రెండోది పట్టకపోతే కారు పక్కకి లాగేస్తుంది. తడి రోడ్డు మీద అది చాలా ప్రమాదం.

తర్వాత చక్రం విప్పించాం. బయటి ముఖం నున్నగా ఉంది. లోపలి ముఖం మీద వేలు పెడితే మాత్రం గరుకు కాగితం మీద పెట్టినట్టుంది. మధ్యలో రెండు వేళ్ల వెడల్పున ఒక్క పట్టీ మెరుస్తోంది, దానికి అటూ ఇటూ అంతా తుప్పు పొరలే. మెకానిక్ పానాతో అంచు మీద మెల్లగా తడితే గోరంతేసి పెచ్చులు నేల మీద రాలాయి. లోపలి ప్యాడ్ చెవులు కూర్చునే బ్రాకెట్ గాడిలో తుప్పు ఉబ్బి, ప్యాడ్ అక్కడే బిగుసుకుపోయింది. సుత్తితో కొడితే గానీ బయటికి రాలేదు. బ్రేక్ నొక్కినప్పుడల్లా ఆ ప్యాడ్ అరకొరగా కదులుతూ, డిస్క్‌ని సగమే తాకుతూ వచ్చిందన్నమాట. ఇది ఎన్నాళ్లుగా జరుగుతోందో తలుచుకుంటే, పిల్లల్ని ఎక్కించుకుని తిరిగిన ప్రయాణాలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

ఇక మందం. ఇంతకంటే తగ్గకూడదు అనే కనీస మందం డిస్క్ అంచు మీదో, మధ్య టోపీ మీదో అంకెల్లో చెక్కి ఉంటుంది. తుప్పు కప్పేసి ఉంటే వైరు బ్రష్‌తో రుద్దితే బయటపడుతుంది. కొత్త మందానికీ దీనికీ మధ్య తేడా చాలా కార్లలో రెండు మిల్లీమీటర్ల దగ్గరే ఉంటుంది. నా కారు వెనక డిస్క్ కొత్తప్పుడు 10 మిల్లీమీటర్లు, కనీసం 8. వెర్నియర్ అనే దవడల కొలత పరికరంతో కొలిస్తే 9.4 వచ్చింది, పర్లేదనుకున్నాం. మళ్లీ మైక్రోమీటర్ అనే సన్న మొనల కొలత పరికరంతో, గట్టు దాటి లోపలికి కొలిస్తే 8.3. వెర్నియర్ దవడలు అంచున ఉన్న గట్టు మీద ఆనడం వల్ల వచ్చిన తేడా అది. మైక్రోమీటర్ లేకపోతే డిస్క్‌కి అటొకటి ఇటొకటి నాణెం ఆనించి వెర్నియర్‌తో కొలిచి, ఆ రెండు నాణేల మందం తీసేయండి. మూడు నాలుగు చోట్ల కొలిచి, వాటిలో తక్కువ వచ్చిందే లెక్కలోకి తీసుకోండి.

గమనించండి, 8.3 అంటే మందం లెక్కలో నా డిస్క్ ఇంకా పాసే. దాన్ని పనికిరాకుండా చేసింది గుంటలు. లేత్ మీద చెక్కిద్దామా అని మెకానిక్‌ని అడిగాను. గుంటలు పోయేదాకా చెక్కితే 8 కిందకి దిగుతుందన్నాడు, నిజమే. డిస్క్ పలచబడ్డ కొద్దీ వేడిని తట్టుకునే శక్తి తగ్గుతుంది, కాబట్టి ఆ హద్దు దాటకూడదు.

ప్యాడ్‌లు ఒక్కటే మారిస్తే చాలా అన్న ప్రశ్నకి నా జవాబు: మీరు చెప్పిన గట్టు ఎత్తుగా ఉన్నా, పట్టీ మీద గుంటలున్నా చాలదు. అంతకు ముందు ఏడాది నేను చేసిన పొరపాటు అదే. కొత్త ప్యాడ్ చదునుగా ఉంటుంది, పాత డిస్క్ అలా ఉండదు. ప్యాడ్ అంచు వెళ్లి గట్టు మీద కూర్చుంటుంది, మిగతా భాగం డిస్క్‌కి పూర్తిగా తగలదు. గుంటల తుప్పు ఆకురాయిలా ప్యాడ్‌ని తినేస్తుంది. నేను వేయించిన కొత్త ప్యాడ్‌లు ఏడాది తిరక్కుండానే ఒక పక్క మెట్టులా అరిగిపోయి కనిపించాయి. డిస్క్‌లో గుంటలు లేకుండా, కనీస మందానికి బాగా పైన ఉంటే మాత్రం ప్యాడ్‌లు ఒక్కటే మార్చుకోవచ్చు, అందులో తప్పు లేదు.

డిస్క్‌లు మార్చాల్సి వస్తే ఒకే యాక్సిల్ మీద రెండూ కలిపి మార్చండి, ప్యాడ్‌లు కూడా కొత్తవే వేయండి. పని జరిగేటప్పుడు దగ్గరుండి ఒక్కటి చూసుకోండి: డిస్క్ కూర్చునే హబ్ (చక్రం బిగించే మధ్య భాగం) ముఖాన్ని వైరు బ్రష్‌తో ఇనుము కనిపించేదాకా శుభ్రం చేయాలి. అక్కడ తుప్పు పెచ్చు ఒక్కటి మిగిలినా కొత్త డిస్క్ వంకరగా కూర్చుని, తిరిగేటప్పుడు ఊగుతుంది. ఈ ఊగు చాలా కార్లలో 0.05 నుంచి 0.1 మిల్లీమీటర్ లోపే ఉండాలి. బ్రాకెట్ గాడులు గీకించండి, ప్యాడ్‌ల్ని నొక్కే భాగం అటూ ఇటూ జరగడానికి ఉండే స్లైడ్ పిన్‌లు చేత్తో నొక్కితే కదిలేలా బ్రేకులకి వాడే గ్రీజు పూయించండి. నా కారులో అసలు రోగం అక్కడే ఉంది. దాన్ని వదిలేసి డిస్క్‌లు మాత్రం మార్చి ఉంటే అవి కూడా అలాగే పాడయ్యేవి.

టెస్ట్ గురించి ఇంకో మాట చెప్పాలి. రోలర్లు తిరిగేది దాదాపు నడక వేగంతోనే. హైవే మీద బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణకడం, ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కి పట్టు తగ్గడం ఆ వేగంలో బయటపడవు. చక్రాలు విప్పకుండా చూస్తే లోపలి ముఖం కూడా పూర్తిగా కనిపించకపోవచ్చు. కాబట్టి టెస్ట్ పాసైతే చాలు అనుకోకండి. దయచేసి చక్రం విప్పించి లోపలి ముఖం మీ కళ్లతో చూడండి.

ఈ వారంలోనే ఆ పని పెట్టుకోండి, ఏదైనా మార్చాల్సి వస్తే టైమ్ ఉంటుంది. విప్పినప్పుడు దుమ్ముని గాలితో ఊదకండి, తడి గుడ్డతో తుడవండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. కొత్త డిస్క్‌లు, ప్యాడ్‌లు వేయిస్తే టెస్ట్ రోజు పొద్దున్న కాదు, కనీసం వారం ముందు వేయించండి. రద్దీ లేని రోడ్డు మీద మధ్యస్థంగా బ్రేకులు వేస్తూ, మధ్యలో చల్లారనిస్తూ నడిపితే ప్యాడ్, డిస్క్ ఒకదానికొకటి సర్దుకుంటాయి. అప్పుడే రోలర్ల మీద అసలు బలం కనిపిస్తుంది. ఆ తర్వాత కారు మళ్లీ నెలల తరబడి నిలపాల్సి వస్తే, చదునైన చోట గేర్‌లో పెట్టి, ఆటోమేటిక్ అయితే పార్క్‌లో పెట్టి, చక్రాలకి అడ్డు వేసి, హ్యాండ్‌బ్రేక్ వదిలేసి ఉంచండి. తడి డిస్క్ మీద ప్యాడ్‌లు నొక్కి ఉంటే రెండూ అతుక్కుపోయి, తీసేసరికి ప్యాడ్ ఆకారంలోనే తుప్పు ముద్ర పడుతుంది.