బాణం కాడ కోసే ముందు

బుజ్జీ,

ఇండియన్ రౌండ్ పోటీకి, అదే మన వెదురు విల్లుతో ఆడే విలువిద్య పోటీకి, బాణాలు నువ్వే చేసుకుంటావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ మాటకి ఛాతీ ఉప్పొంగింది. మరు నిమిషంలోనే నా ఎడమ చెయ్యి గుర్తొచ్చింది. అందుకే ఈ ఉత్తరం.

వెదురే తీసుకో. రెల్లు తేలికే గానీ బోలు, ములికి, అంటే బాణం మొన, దిగ్గొట్టాలంటే ముందు గట్టి కర్రముక్క దూర్చాలి. నీకిప్పుడా తిప్పలెందుకు? లోపల బోలు పెద్దగా ఉండని సాధనపు వెదురులో మూడేళ్ళు ముదిరినది చూసి చలికాలంలో కొట్టించు. వానల్లో కొడితే పుచ్చు పురుగు పొడి చేసేస్తుంది. నీడలోనే ఆరబెట్టు. చీల్చి చెక్కేటప్పుడు పై పెచ్చు ఎక్కువ గీకొద్దు, బలమంతా అక్కడే. వంకరలు సెగ చూపించి సరిచెయ్యి. వెనక కొసన వింటినారి పట్టే గాటు కణుపుకి కాస్త పైన పెట్టి కింద దారం బిగించు, చీలిక కణుపు దగ్గర ఆగుతుంది. కాడలన్నీ ఒకే బరువు, ఒకే బిగువు ఉండాలి. లేకపోతే 30 మీటర్ల దగ్గర బాగానే అనిపించి, 50 దగ్గర తలోదిక్కు పోతాయి.

ఇక అసలు సంగతి. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. సంక్రాంతి పందేనికి చేసిన వాటిలో ఒక కాడ గీత గీసినట్టుండేది. ముందురోజు బండ మీద పడింది. గోరు పెట్టి చూస్తే వెంట్రుకంత బీట. మా అమ్మ పారెయ్యమంది. దారం చుట్టి లక్క పూశాను, అంత తిన్నని కాడ మళ్ళీ దొరకదని. మర్నాడు నారి వదలగానే టక్‌మంది. ముందు సగం ఎక్కడ పడిందో తెలీదు. వెనక సగం బొటనవేలి మొదట్లో దిగి అరచేతి అవతల కొన చూపించింది. లాగితే పేళ్ళు లోపలే విరిగాయి. ఆస్పత్రికి చేరేసరికి చీకటిపడింది. ఆ వేలు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోదు. మీ అమ్మ చిన్నప్పుడు జడ అల్లమని వచ్చి కూర్చునేది, రెండో పాయ దగ్గరే జుట్టు జారిపోయేది.

కాబట్టి మాట విను పిచ్చిపిల్లా. ప్రతి బాణం, ప్రతిసారీ, వేసే ముందు ముఖానికి దూరంగా పట్టుకుని తిప్పుతూ మెల్లగా వంచి చూడు. చిటుక్కుమంటే అక్కడే రెండు ముక్కలు చేసెయ్. ఎంత ముచ్చటపడి చేసుకున్నదైనా సరే.

పోయిన పుష్యమాసంలో కొట్టించినవి అటక మీద ఆరుతున్నాయి. సెలవులకి రా, కలిసి దింపుదాం.

మీ తాతయ్య