అమిగా ట్రాకర్‌లో స్వరానికి శాంపిల్ రేటు ఎలా లెక్కేయాలి?

ఫోన్లో రికార్డు చేసిన వావ్ ఫైలు (శబ్దపు ఫైలు) ప్రోట్రాకర్‌లో, అంటే పాత అమిగా కంప్యూటర్‌లో చిన్న శబ్దాల్ని స్వరాలుగా పేర్చి పాట కట్టే ట్రాకర్ ప్రోగ్రాంలో, సరైన శ్రుతిలో పలకాలంటే ఎంత శాంపిల్ రేటుకి (సెకనుకి ఎన్ని శబ్దపు అంకెలకి) మార్చాలి అనే కదా మీరు అడిగింది. ఒక్క భాగహారం చాలు. అమిగాలోని పౌలా అనే సౌండ్ చిప్‌కి స్వరం పేరు తెలీదు, పీరియడ్ అనే అంకె ఒక్కటే తెలుసు, గడియారం అన్ని టిక్కులు కొట్టగానే తర్వాతి శాంపిల్, అంటే తర్వాతి శబ్దపు అంకె, వదులుతుంది. పాల్ (యూరప్ టీవీ పద్ధతి) మెషీన్లో సెకనుకి 35,46,895 టిక్కులు. సి-2, అంటే ట్రాకర్‌లో రెండో స్థాయి (ఆక్టేవ్) సి స్వరం, పీరియడ్ 428 కాబట్టి భాగిస్తే 8287 హెర్ట్జ్.

నేను బోల్తా పడింది వేరే చోట. కావలిలో మా పెదనాన్న పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవాడు, ఆ పాత పెట్టె మీద నాలుగు శ్రుతి మెట్టు, అంటే ఎఫ్, నొక్కించి రికార్డు చేశా. ఎఫ్ స్వరాన్ని సి రేటుకి మారిస్తే ట్రాకర్‌లో సి అని రాసినచోట ఎఫ్ పలుకుతుంది, కాబట్టి ఎఫ్-2 పీరియడ్ 320 తీసుకోవాలి, 11,084 హెర్ట్జ్. ఇది సరిగ్గానే ఆలోచించా గానీ, లెక్కేసే బద్ధకంతో నెట్లో దొరికిన పట్టికలోంచి 11,186 ఎత్తేశా. అది ఎన్‌టీఎస్‌సీ (అమెరికా టీవీ పద్ధతి) మెషీన్ అంకె, అక్కడ గడియారం 35,79,545. నా ఎమ్యులేటర్, అంటే అమిగాని అనుకరించే ప్రోగ్రాం, పాల్‌లో ఉంది.

పాట పెట్టి పక్కన పెదనాన్నని వాయించమంటే రెండు గీతలకే చెయ్యి తీసేసి "నీ డబ్బా పిసరు దిగిందిరా అబ్బయ్యా" అన్నాడు. తర్వాత లెక్కేస్తే తేడా 16 సెంట్లు, పక్క పక్క మెట్ల మధ్య దూరంలో ఆరో వంతు కూడా లేదు! విడిగా వింటే నాకు తెలిసేది కాదు, రెండూ కలిసి మోగితేనే ఆ ఊగుడు వినిపిస్తుంది.

ఇంకోటి, స్వరం పేరు నమ్మకండి, ఇదే 428ని కొన్ని కొత్త ట్రాకర్లు సి-5 అంటాయి. పీరియడే చూడండి.

నాణ్యత కావాలంటే ఒక స్థాయి పైన ఎఫ్-3 పెట్టుకోవచ్చు, పీరియడ్ 160, రేటు 22,168. కానీ పాత ప్రోట్రాకర్‌లో ఒక్కో రికార్డింగుకి 64 కేబీయే, ఒక్కో శబ్దపు అంకెకి 8 బిట్లు, అంటే ఒక బైటు, కాబట్టి మూడు సెకన్లు కూడా పట్టదు, హార్మోనియం లాంటి సాగే నాదానికి లూప్ (ఒక ముక్కనే మళ్లీ మళ్లీ తిప్పడం) పెట్టక తప్పదు. పైగా పౌలా 28 వేల పైచిలుకు దాటి లాగలేదు, ఎ-3 దగ్గర 27,928 వస్తుంది, ఆపైన రాయకండి.