ఐఎస్ఓని పెన్‌డ్రైవ్‌లో కాపీ చేస్తే ఎందుకు బూట్ అవ్వదు?

ఐఎస్ఓని (ఇన్‌స్టాలేషన్ డిస్క్ మొత్తాన్ని ఒకే ఫైల్‌గా చేసింది) మామూలు ఫైల్‌లా కాపీ చేస్తే బూట్ అవ్వదు, రూఫస్ లాంటి టూల్‌తో పెన్‌డ్రైవ్ మీద రాయాలి. ఎందుకంటే కంప్యూటర్ ఆన్ అవగానే మొదట నడిచే ఫర్మ్‌వేర్ (మదర్‌బోర్డులో ఉండే ప్రోగ్రామ్) ఐఎస్ఓని తెరిచి చూడదు. యూఈఎఫ్ఐ (కొత్త తరహా ఫర్మ్‌వేర్) ఉన్న మెషీన్, ఫ్యాట్32 (ఫైళ్లు దాచే ఒక పద్ధతి) పార్టిషన్‌లో ఈఎఫ్ఐ, దాని లోపల బూట్ అనే ఫోల్డర్‌లో బూట్‌ఎక్స్64.ఈఎఫ్ఐ ఫైల్‌ని వెతుకుతుంది. పాత తరహా ఫర్మ్‌వేర్ అయిన బయోస్ అయితే డ్రైవ్ మొదటి 512 బైట్లలో బూట్ కోడ్ ఉందా అని చూస్తుంది. ఐఎస్ఓ లోపల అన్నీ ఉన్నా బయటికి కనపడకపోతే లేనట్టే.

వైజాగ్ డాబాగార్డెన్స్‌లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న బయోస్ డెస్క్‌టాప్‌లో విండోస్ 10 వేయాలనుకోండి. 8 జీబీ పెన్‌డ్రైవ్ పెట్టి, రూఫస్‌లో ఐఎస్ఓని ఎంచుకుని, పార్టిషన్ స్కీమ్ (డ్రైవ్‌ని భాగాలుగా విభజించే పద్ధతి) ఎంబీఆర్, టార్గెట్ సిస్టమ్ బయోస్ ఎంచుకుని స్టార్ట్ నొక్కాలి (పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది, ముందే వేరేచోట పెట్టుకోండి). ఎంబీఆర్ బదులు కొత్త పద్ధతి జీపీటీ పెడితే ఆ మెషీన్ దాని మొహం కూడా చూడదు.

ఐఎస్ఓని విప్పి ఫైళ్లు కాపీ చేస్తే చాలని చాలామంది అనుకుంటారు. యూఈఎఫ్ఐలో ఒక్కోసారి పనవుతుంది కూడా. చిక్కల్లా విండోస్‌ని మొత్తం మోసే ఇన్‌స్టాల్.విమ్ ఫైల్‌తోనే: అది తరచూ 4 జీబీ దాటుతుంది, ఫ్యాట్32లో అంత పెద్ద ఫైల్ పట్టదు. కాపీ అక్కడ ఆగిందంటే పెన్‌డ్రైవ్ పాడైనట్టు కాదు, జాగా చాలకా కాదు.