‘ఆత్మరక్షణ కోసం హత్య’ అనవచ్చా?

సందేహం: పొలం గట్టు పంచాయితీలో ఒకాయన చనిపోయిన వార్త చదివాను. ‘ఆత్మరక్షణ కోసమే హత్య చేశానని నిందితుడు నేరం అంగీకరించాడు’ అని రాశారు. ఆత్మకు చావు లేదంటారు కదా, మరి దాన్ని రక్షించుకోవడమేమిటి? ‘ప్రాణరక్షణ’ అనకూడదా? మా వాడకట్టు వకీలు సాబ్‌ను అడిగితే, తప్పు అక్కడ లేదని నవ్వి ఊరుకున్నారు.
– ఒక పాఠకుడు, నర్సంపేట

సమాధానం: వకీలు సాబ్ ఎందుకు నవ్వారో తర్వాత చూద్దాం. ముందు ఆత్మ సంగతి. సమాసంలో మొదట వచ్చే ‘ఆత్మ’కు చాలాచోట్ల ‘తన’, ‘తనను తాను’ అనే అర్థం. ఆత్మకథ, ఆత్మస్తుతి, ఆత్మగౌరవం అలా పుట్టినవే. ఆత్మహత్యలో పోయేదీ ప్రాణమే. ‘ప్రాణరక్షణ’ తప్పుమాట కాదు గానీ, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో డాక్టరు చేసేదీ ప్రాణరక్షణే. ఎవరు ఎవరిని కాపాడారో అందులో తెలియదు. కాబట్టి ఆత్మరక్షణను ఉండనివ్వండి.

అయితే ఒకచోట అది పొసగదు. తల్లి మీదికి గొడ్డలి ఎత్తినవాణ్ని కొడుకు కొట్టాడనుకోండి. చట్టం దాన్నీ ఒప్పుకుంటుంది. అది ఇచ్చే రక్షణహక్కు తన ఒంటికే కాదు, ఇతరుల ఒంటికీ, కొన్ని హద్దుల్లో ఆస్తికీ వర్తిస్తుంది. అప్పుడు ‘ఆత్మరక్షణ కోసం’ అని రాస్తే అబద్ధమవుతుంది. ‘తల్లిని కాపాడబోయి’ అంటే సరిపోతుంది.

అసలు చిక్కు ‘హత్య’ దగ్గర ఉంది. సంస్కృతంలో ఆ మాటకు చంపడమని అర్థం. కానీ బ్రహ్మహత్య, గోహత్య, శిశుహత్య అన్నప్పుడల్లా వెంట పాపం అంటుకునే ఉంటుంది. పాపం లేదనుకున్నచోట మనవాళ్లు ‘వధ’ అన్నారు. కీచకవధ అంటాం, కీచకహత్య అన్నవాళ్లు లేరు. (భీముడు నేటి కోర్టులో నిలబడితే ఆ ‘వధ’ నిలిచేది కాదు. రాత్రికి నర్తనశాలకు రప్పించి, ముందే కాచుకుని ఉండి చంపడాన్ని రక్షణ అనరు. ద్రౌపది విరాటుడి కొలువులో మొరపెట్టుకున్నా దిక్కు లేకపోయిందన్నది వేరే మాట.)

ఇప్పుడు హత్య ఒక నేరం పేరు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఈ రక్షణహక్కు గురించే; పాత శిక్షాస్మృతిలో అవి 96 నుంచి 106. మొదటి సెక్షన్ ఒక్కటే మాట చెబుతుంది: ఈ హక్కును వాడుకుంటూ చేసిన ఏ పనీ నేరం కాదు. అంటే ఆత్మరక్షణ నిలబడితే అక్కడ హత్య లేదు. హత్య అని తేలిందా, ఆత్మరక్షణ వాదన వీగిపోయినట్టే. రెండింటినీ ఒకే వాక్యంలో కట్టడం ‘బాకీ మొత్తం తీర్చిన బాకీదారు’ అన్నట్టుంటుంది.

‘నేరం అంగీకరించాడు’ అన్నది ఇంకా ఘోరం. ఆ మనిషి ఒప్పుకున్నది దెబ్బను. నేరాన్ని కాదంటున్నాడు, ఆత్మరక్షణ అనడంలో అర్థమే అది. వకీలు సాబ్ నవ్వింది ఇక్కడే అయి ఉంటుంది.

ఈ రెంటికీ నడుమ ఇంకొకటుంది. కాపాడుకునే హక్కు ఉన్నా, పగతో కాకుండా, ముందే అనుకోకుండా, అవసరానికి మించి కొట్టి చంపితే అది హత్య కింద రాదు. శిక్ష మాత్రం ఉంటుంది. దీనికి పత్రికల్లో ‘హత్య కాని నరహత్య’ అనే మాట నడుస్తోంది. ‘హత్య కాని హత్య’ అంటే చదివేవాడికి ఏం తెలుస్తుంది? ‘హత్య కాని ప్రాణహరణం’ అనడం నాకు నయమనిపిస్తుంది. కాస్త బరువైన మాటే, కానీ తనను తాను కాదనుకోదు.

మీరు అడగకపోయినా ‘నిందితుడు’ గురించి ఒక మాట. తీర్పు రాకముందు అదే సరైనది. ‘దోషి’, ‘నేరస్థుడు’ తర్వాతి మాటలు. మన దిక్కు పాతవాళ్లు ‘ముద్దాయి’ అంటారు. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. ‘ముద్దయీ సుస్త్, గవాహ్ చుస్త్’ అనే సామెత ఫిర్యాది నీరసంగా ఉంటే సాక్షి హుషారుగా ఉన్నాడని ఎగతాళి చేస్తుంది. ఆ ముద్దయీ తెలుగులోకి వచ్చి బోనులో అటువైపు నిలబడ్డాడు! అలవాటైన అర్థం కనుక ఇప్పుడు దిద్దనక్కర లేదు.

మరి వార్త ఎలా రాయాలి? ‘తనను తాను కాపాడుకునే క్రమంలోనే కొట్టానని నిందితుడు వాదిస్తున్నాడు.’ ఇందులో ‘అని’ చేసే పని చూడండి: మాట అతనిది, పూచీ పత్రికది కాదు. నర్సంపేట సంతలో ఇదే కబురు ‘పానం మీదికొస్తె కొట్టిండట’ అని వినపడుతుంది. చివరి ‘ట’ మాటను చెప్పినవాడి మీదే ఉంచింది. ‘పానం మీదికొస్తె’ అన్నది చట్టం అడిగే ప్రశ్ననూ పట్టుకుంది. ప్రమాదం ఆ క్షణాన మీద ఉండాలి. నిన్నటి పగ చాలదు; ఎదుటివాడు కర్ర పారేసి ఉరికినంక వెంటపడి కొట్టిన దెబ్బకూ ఆ మాట వర్తించదు.