పిల్లల్ని ఒకరితో ఒకరు మాట్లాడుకోనివ్వు

అమ్మా,

క్లాసులో అందరూ అర్థమైనట్టు తలూపుతున్నారు, పరీక్షలో మాత్రం చతికిలపడుతున్నారని రాశావు. నువ్వు చెప్పడం కాస్త తగ్గించి, వాళ్లలో వాళ్లని మాట్లాడుకోనివ్వు. అలాగని "పక్కవాళ్లతో చర్చించుకోండి" అని ఊరికే వదిలేస్తే కబుర్లలో పడతారు. అంతా నువ్వు వేసే ప్రశ్నలోనే ఉంది.

ఫిజిక్సే కదా, ఇది అడిగి చూడు. లారీ, చిన్న కారు ఎదురెదురుగా గుద్దుకున్నాయి. ఏది దేని మీద ఎక్కువ బలం చూపిస్తుంది? ఒకటి: లారీ, రెండు: కారు, మూడు: రెండూ సమానం. చర్యకు సమానమైన ప్రతిచర్య ఉంటుందనే న్యూటన్ మూడో నియమం గడగడా అప్పజెప్పేవాళ్లలోనూ చాలామంది లారీయే అంటారు. ముందు ఎవరి జవాబు వాళ్లు, నోరు మెదపకుండా, కాగితం మీద రాయాలి. ఈ పని మాత్రం ఎంత తొందరలో ఉన్నా మానకు. లేకపోతే ఫస్ట్ వచ్చే పిల్లాడు ఏదంటే క్లాసంతా అదే అంటుంది. తర్వాత అందరూ ఒకేసారి తమ జవాబు నంబరు వేళ్లతో చూపించాలి. ఎక్కువమంది సరిగ్గా చెబితే ముందుకెళ్లిపో, మరీ కొద్దిమందే చెబితే మళ్లీ నువ్వే వివరించు. సగం అటూ సగం ఇటూ ఉన్నారా, వేరే జవాబు రాసినవాళ్లని వెతుక్కుని ఒప్పించమను. రెండు మూడు నిమిషాలయ్యాక మళ్లీ చూపించమను.

అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ 1991లో ఇలాంటి పద్ధతే మొదలుపెట్టాడు. ఎప్పుడో నేర్చుకున్న మనకి, ఎక్కడ తికమక పడతామో గుర్తుండదు. నిన్న అర్థమైనవాడికి గుర్తుంటుంది. "బలం రెండింటి మీదా సమానమేరా, కారు తేలిక కాబట్టి దాని వేగం ఎక్కువ మారుతుంది" అని వాడంటే పక్కవాడికి చప్పున ఎక్కుతుంది.

ఇద్దరికీ తెలియకపోతే ఎలా అంటావేమో. కొలరాడో విశ్వవిద్యాలయంలో జెనెటిక్స్ క్లాసు మీద చేసిన పరిశోధన 2009లో వచ్చింది. మొదట ఎవరికీ సరైన జవాబు తెలియని గుంపుల్లో కూడా మాట్లాడుకున్నాక కొందరు దాన్ని పట్టుకోగలిగారు. అందుకే వాళ్లు వాదించుకుంటుంటే బెంచీల మధ్య తిరుగుతూ విను, జవాబు మాత్రం బయటపెట్టకు. నీకు అది కష్టమే, నాకు తెలుసు.

దీనికి మార్కులు పెట్టకు. మార్కులుంటే తెలియనివాడు తెలియదని ఒప్పుకోడు. సిలబస్ అవదేమోనని టెన్షన్ పడకు, పుస్తకంలో ఉన్నది ముందే చదువుకుని రమ్మను.

వచ్చే వారం ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టు. తయారు చేసి ముందు నాకు పంపు, చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
మాస్టారు