నాన్నగారు మీకెందుకు ఫోన్ చేయలేదు?

తెనాలిలో ఉంటున్న మీ నాన్నగారి కంప్యూటరులో వైరస్ చేరిందంటూ ఎర్రటి హెచ్చరిక, కీచుమనే మోతతో సహా వచ్చిందనీ, అందులోని నంబరుకు ఆయన ఫోన్ చేస్తే అవతలి వ్యక్తి దూరం నుంచే కంప్యూటరును నడిపించే ఎనీడెస్క్ అనే సాఫ్ట్‌వేరు పెట్టించి పింఛను ఖాతా నుంచి లక్షా ఎనభై వేలు లాగేశాడనీ, ఆ సంగతి ఆయన నాలుగు రోజులు దాచారనీ రాశారు. ఏ యాంటీవైరస్ కొనాలని, ఆయన ఖాతాను మీ అజమాయిషీలోకి తెచ్చుకోవచ్చా అని అడిగారు.

ఎనీడెస్క్ వైరస్ కాదు, ఆఫీసుల్లో వాడే మామూలు సాఫ్ట్‌వేరే. తెర మీది అంకెలను స్వయంగా చదివి వినిపించి, అనుమతి కూడా ఇచ్చాక ఏ యాంటీవైరస్ అడ్డుపడుతుంది? ఇక రెండో ప్రశ్న మీరు అడగకుండా ఉండవలసింది. ఆ పింఛను ఆయన కష్టార్జితం. ఒక్కసారి మోసపోయినందుకు పెద్దాయన కూరగాయల ఖర్చుకు కొడుకును అడగాలా?

'అంతకు ముందువారం ప్రింటరు గురించి అడిగితే, ఎన్నిసార్లు చెప్పాలని విసుక్కున్నాను' అని మీరే ఒకచోట రాశారు. అసలు సమస్య అదే. మీరు విసుక్కున్న మనిషిని ఆ దొంగ గంటసేపు 'సార్, సార్' అంటూ ఓపిగ్గా మాట్లాడించాడు. డబ్బు పోయాక ఆయన భయపడింది కూడా మీ నోటికే. ఆ నాలుగు రోజులే ఖరీదైనవి, ఎందుకంటే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరైన 1930కి వెంటనే చెబితే సొమ్ము ఖాతాలు మారిపోకముందే నిలిపివేయించే అవకాశం ఉంటుంది. పొరపాటు ఖాతాదారుదే అయినా, బ్యాంకుకు తెలిపిన తరువాత జరిగే నష్టం బ్యాంకే భరించాలని రిజర్వు బ్యాంకు 2017లోనే చెప్పింది.

ఇంకా ఫిర్యాదు చేయకపోతే ఇప్పుడే 1930కి, బ్యాంకుకు చెప్పించండి. ఆ కంప్యూటరుకు ఇంటర్నెట్ తీసేసి, పాస్‌వర్డులన్నీ వేరే ఫోన్ నుంచి మార్పించండి. డబ్బు తిరిగి ఇప్పిస్తామంటూ మళ్లీ ఎవరైనా పిలిస్తే వాళ్లూ ఆ ముఠావాళ్లే అనుకోండి.

ఈ శనివారం తెనాలి వెళ్లండి. మౌస్ ఆయన చేతిలోనే ఉంచి, పక్కన కూర్చుని ఎనీడెస్క్ తీయించండి. మైక్రోసాఫ్ట్ ఇచ్చే నిజమైన హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఉండదనీ, తెర బిగుసుకుపోతే ఆల్ట్, ఎఫ్4 మీటలు కలిపి నొక్కాలనీ, అప్పటికీ కదలకపోతే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేయవచ్చనీ చూపించండి. అర్ధరాత్రి అయినా ముందు మీకే ఫోన్ చేయమనండి, చేసినప్పుడు విసుక్కోకండి. ఈ సంగతి పెళ్లిళ్లలో బంధువుల ముందు వేడుకగా చెప్పుకోవద్దని మీ చెల్లెలికి కూడా చెప్పండి.